ఒక్క అడుగు వెనక్కు

బ్రౌజరులోని చిన్న బాణం గుర్తు గడచిన పేజీని మళ్ళీ చూపగలదు. చేసిన పనిని మాత్రం చెరపలేదు

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రాత్రి పదిన్నర కావస్తోంది. దూరాన యార్డులో షంటింగ్ ఇంజను ఒకసారి కూసి ఆగింది. రైల్వే క్వార్టరు ముందుగదిలో ఒక పెద్దాయన ముక్కు మీదికి జారిన కళ్ళజోడు సవరించుకుంటూ చేతిలోని ఫోను వైపు చూస్తున్నాడు. వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఇప్పుడు కొడుకు పేర వచ్చిన క్వార్టరులో ఉంటున్నాడు. పక్కన కుర్చీ అంచున మనవరాలు కూర్చుని ఉంది. ఆంధ్రదేశంలో ఒక కళాశాలలో చేరడానికి ఆమె దరఖాస్తు పంపాలి. గడువు ఆ రాత్రి పన్నెండు గంటలతో ముగుస్తుంది.

నలభై నిమిషాలుగా ఇద్దరూ ఆ ఫారం నింపుతున్నారు. పేరు, పుట్టిన తేదీ, మార్కులు, సర్టిఫికెట్ల ఫొటోలు అన్నీ అయ్యాయి. చివరకు రుసుము 1,200 రూపాయలు తాత ఖాతాలోంచి కట్టారు. తెర మీద చిన్న చక్రం గిరగిరా తిరగసాగింది. దాని కింద ఒక హెచ్చరిక: దయచేసి వేచి ఉండండి, బ్యాక్ బటన్ నొక్కవద్దు.

పెద్దాయన ఏ బటనూ నొక్కలేదు. ఫోను చేతిలోంచి జారకుండా గట్టిగా పట్టుకున్నాడు, అంతే. బొటనవేలు తెర అంచును ఒరుసుకుంటూ లోపలికి జరిగింది. మరుక్షణం చక్రం మాయమై, సగం గళ్ళు ఖాళీ అయిపోయిన పాత ఫారం ప్రత్యక్షమైంది. అడుగున మళ్ళీ అదే మాట: రుసుము చెల్లించండి. సరిగ్గా అప్పుడే బ్యాంకు నుంచి సందేశం వచ్చింది. ఖాతాలోంచి 1,200 రూపాయలు వెళ్ళిపోయాయి.

"డబ్బు పోయింది. రశీదు రాలేదు," అన్నాడు పెద్దాయన నెమ్మదిగా.

"మళ్ళీ కట్టేద్దాం తాతా, టైము లేదు," అంది మనవరాలు.

కట్టాలా, వద్దా? ఇటువంటి సందేహం ఈనాడు దేశంలో ఏ ఇంట్లోనైనా, ఏ రాత్రయినా తలెత్తవచ్చు. దీనికి సమాధానం తెలియాలంటే ఆ చిన్న బాణం గుర్తు అసలు ఏం చేస్తుందో, మనం ఏం చేస్తుందని అనుకుంటామో, ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరం ఎంతో తెలుసుకోవాలి.

చువ్వకు గుచ్చిన చీటీలు

వచ్చిన దారినే తిరిగి వెళ్ళగలగాలన్న కోరిక ఇంటర్నెట్ కన్నా పాతది. 1945 జూలైలో వానెవార్ బుష్ అనే అమెరికన్ శాస్త్రవేత్త అట్లాంటిక్ మంత్లీ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఒక కాగితం నుంచి మరో కాగితానికి మనిషి ఆలోచన నడిచిన బాటను ఒక యంత్రం గుర్తుంచుకోవాలనీ, కోరినప్పుడు అదే బాటలో మళ్ళీ నడిపించాలనీ అతడు ఊహించాడు. 45 ఏళ్ళ తరువాత, 1990లో, జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ మొట్టమొదటి వెబ్ బ్రౌజరును తయారు చేసినప్పుడు, వచ్చిన పేజీకి తిరిగి వెళ్ళే సదుపాయం అందులోనే ఉంది. 1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన మొజాయిక్ బ్రౌజరు వెబ్‌ను సామాన్యులకు పరిచయం చేసింది. దానితోపాటు బ్యాక్ బటన్ కూడా జనానికి అలవాటయింది.

ఆ బటన్ పనితీరు చాలా సులువైనది. పాతకాలపు ఆఫీసు బల్ల మీద నిలువుగా ఒక ఇనుప చువ్వ ఉండేది. వచ్చిన చీటీని వచ్చినట్లే దానికి గుచ్చేవారు. బ్రౌజరు కూడా మనం చూసిన ప్రతి పేజీ చిరునామానూ ఒక చీటీగా రాసి, అటువంటి చువ్వకే గుచ్చుతుంది. బ్యాక్ నొక్కినప్పుడు అన్నిటికన్నా పైనున్న చీటీ తీసి, దాని కిందనున్న చీటీలోని పేజీని చూపుతుంది.

మొదటి చిక్కు ఇక్కడే ఉంది. ఒక పేజీ నుంచి రెండో పేజీకి, అక్కడి నుంచి మూడో పేజీకి వెళ్ళాం. రెండుసార్లు బ్యాక్ నొక్కి మొదటి పేజీకి వచ్చి, అక్కడి నుంచి కొత్తగా నాలుగో పేజీ తెరిచాం. ఇప్పుడు బ్యాక్ ఎన్నిసార్లు నొక్కినా రెండో పేజీ, మూడో పేజీ కనిపించవు. ఆ రెండు చీటీలనూ తీసి పారవేసి, వాటి స్థానంలో నాలుగోదాన్ని గుచ్చింది బ్రౌజరు. "ఇందాకే చూశానే, ఎక్కడికి పోయింది?" అని మనం తల పట్టుకుంటాం. మన జ్ఞాపకం కాలక్రమంలో నడుస్తుంది. బ్రౌజరు చువ్వ అలా నడవదు.

ఇది ఏ కొద్దిమందికో సంబంధించిన ఇబ్బంది కాదు. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన లిండా టాషర్, సాల్ గ్రీన్‌బర్గ్ 1997లో ప్రచురించిన పరిశీలనలో, మనుషులు తెరిచే పేజీలలో 58 శాతం అంతకుముందు ఒకసారి చూసినవేనని తేలింది. అంటే వెబ్‌లో మనం చేసే ప్రయాణంలో సగానికి పైగా తిరుగు ప్రయాణమే. 1999లో వెబ్ పేజీల రూపకల్పనలో జరిగే పది పెద్ద తప్పుల జాబితాను ప్రకటించిన జేకబ్ నీల్సన్, వాటిలో మొట్టమొదటి స్థానం బ్యాక్ బటన్‌ను పాడుచేయడానికే ఇచ్చాడు.

అడగడం వేరు, ఇవ్వడం వేరు

వెబ్‌లో మన ఫోను, అవతలి కంప్యూటరు మాట్లాడుకొనే భాషలో ముఖ్యమైన క్రియలు రెండు. ఒకటి అడగడం: "ఆ పేజీ పంపు." రెండోది ఇవ్వడం: "ఇదిగో నా ఫారం, తీసుకో." అడగడం ఎన్నిసార్లు జరిగినా నష్టం లేదు. గోడకు తగిలించిన రైళ్ళ వేళల పట్టికను నూరుసార్లు చూసినా పట్టిక అరిగిపోదు. ఇవ్వడం అటువంటిది కాదు. ఒకే మనియార్డరు ఫారం రెండుసార్లు కౌంటరులో ఇస్తే డబ్బు రెండుసార్లు పోతుంది.

వార్తలు చదువుతున్నంతసేపు బ్యాక్ బటన్ చల్లగా పనిచేసి, డబ్బు కట్టే చోటికి రాగానే మొరాయించడానికి కారణం ఇదే. వెనక్కు వెళ్ళే దారిలో 'ఇచ్చిన' పేజీ ఒకటి ఉంటే, దాన్ని మళ్ళీ చూపడానికి అదే ఫారం మళ్ళీ పంపవలసి రావచ్చు. అందుకే బ్రౌజరు సందేహిస్తుంది. ఫారం మళ్ళీ పంపమంటారా అని అడుగుతుంది. దాని భావం తెలియని మనిషి భయపడి ఏదో ఒకటి నొక్కేస్తాడు.

దీనికి విరుగుడు ఇంజనీర్లకు చాలాకాలంగా తెలుసు. ఫారం చేతికి అందగానే అవతలి కంప్యూటరు ఏ పేజీనీ నేరుగా చూపదు. "మీ రశీదు ఫలానా చిరునామాలో ఉంది, అక్కడికి వెళ్ళండి" అని బ్రౌజరుకు చెబుతుంది. ఈ పని కోసం వెబ్ నియమావళిలో 303 అనే సంకేతమే ఉంది. అలా చేస్తే చువ్వ మీద మిగిలేది రశీదు చీటీ మాత్రమే. ఆ తరువాత మనం ముందుకు వెళ్ళినా, వెనక్కు వచ్చినా రశీదు కనిపిస్తుంది తప్ప ఫారం రెండోసారి వెళ్ళదు. బ్యాక్ నొక్కవద్దని వేడుకొనే పేజీ నిజానికి తన బాధ్యతలో కొంత మన వేలి మీద పెడుతోంది.

చిత్తరువా, అద్దమా?

బ్యాక్ నొక్కితే కనిపించవలసింది ఏమిటి? ఇందాక మనం చూసిన పేజీయా, లేక అదే పేజీ ఇప్పుడున్న స్థితియా? ప్రశ్న చిన్నదిగా తోచినా తగవంతా దీనిలోనే ఉంది.

1999 జూన్‌లో వెలువడిన వెబ్ నియమావళి ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. వెనుకటి పేజీల జాబితా ఉన్నది, మనం అప్పుడు చూసిందాన్ని చూసినట్లుగానే తిరిగి చూపడానికి అని అది చెప్పింది. అంటే బ్యాక్ బటన్ చూపేది చిత్తరువు, అద్దం కాదు. దీనినే బాగా నెరవేర్చడానికి 2005లో ఫైర్‌ఫాక్స్ 1.5 బ్రౌజరు ఒక ఏర్పాటు చేసింది. విడిచి వెళ్ళిన పేజీని పారవేయకుండా, నింపిన గళ్ళతో సహా, కదలకుండా జ్ఞాపకంలో ఉంచుకుంటుంది. వెనక్కు రాగానే అది ఉన్నది ఉన్నట్లు తెర మీద నిలుస్తుంది. క్రోమ్ బ్రౌజరులో ఈ సదుపాయం ఫోన్లకు 2020లోను, కంప్యూటర్లకు 2021లోను వచ్చింది.

అయితే బ్యాంకులు, పరీక్షలు, దరఖాస్తుల వంటి పేజీలు తమ ప్రతిని ఎక్కడా దాచవద్దని బ్రౌజరును ఆదేశించడం మామూలు. దీనికి మంచి కారణమే ఉంది. నెట్ సెంటరులో ఒకరు లేచి వెళ్ళాక, తరువాత కూర్చున్నవారు బ్యాక్ నొక్కి ముందువారి ఖాతా వివరాలు చూడకూడదు కదా. కాని ఆ జాగ్రత్తకు మూల్యం చెల్లించేది మనమే. వెనక్కు వచ్చేసరికి పేజీ మళ్ళీ కొత్తగా వస్తుంది. నలభై నిమిషాలు కూర్చుని నింపిన గళ్ళు ఖాళీగా వెక్కిరిస్తాయి.

కొత్త తరహా పేజీలు ఈ చిక్కును మరింత బిగించాయి. పూర్వం ఒక పుస్తకంలో పుట తిప్పినట్లు పేజీ వెంట పేజీ మారేది. ఈనాడు అనేక సైట్లలో పేజీ ఒక్కటే. దాని లోపలి బొమ్మలే మారుతుంటాయి. మనకు అయిదు మెట్లు ఎక్కినట్లు అనిపిస్తుంది. బ్రౌజరు లెక్కలో మనం ఇంకా మొదటి మెట్టు మీదనే ఉన్నాం. ఒక్కసారి బ్యాక్ నొక్కితే అయిదు మెట్లూ దొర్లి వీధిలో పడతాం. చీరల జాబితాలో వంద చీరలు దాటుకుంటూ కిందికి వెళ్ళి, నచ్చిన ఒకదాన్ని తెరిచి చూసి వెనక్కు వస్తే మళ్ళీ మొదటి చీర దగ్గర నిలబడటం కూడా ఈ కోవలోదే.

దారి మూసే పేజీలు

ఈ ఇబ్బందిని తీర్చడానికి 2010 ప్రాంతంలో బ్రౌజర్లు ఒక కొత్త అధికారాన్ని పేజీలకు ఇచ్చాయి. లోపలి బొమ్మ మారినప్పుడు పేజీయే స్వయంగా ఒక చీటీ రాసి చువ్వకు గుచ్చవచ్చు. నిజాయితీగా వాడిన చోట ఇది ఎంతో మేలు చేసింది. కాని తాళంచెవి ఇచ్చిన చోట దొంగతాళాలు కూడా పుడతాయి. కొన్ని సైట్లు మనం ఏమీ నొక్కకుండానే చువ్వకు దొంగచీటీలు గుచ్చసాగాయి. బ్యాక్ నొక్కితే అదే పేజీ. మళ్ళీ నొక్కితే ఒక ప్రకటన. ఇంకా నొక్కితే మళ్ళీ అదే పేజీ. లోపలికి రావడానికే తప్ప బయటికి పోవడానికి తలుపు లేని దుకాణం వంటిది అది. 2019 నుంచి క్రోమ్ బ్రౌజరు ఇటువంటి చీటీలను గుర్తించి, పేజీలో మనం ఎక్కడా తాకకుండానే చేరిన వాటిని బ్యాక్ నొక్కినప్పుడు దాటవేయడం మొదలుపెట్టింది.

వేలు జారడం మరొక తంటా. ఒకప్పుడు కంప్యూటరు మీద అక్షరం చెరిపే బ్యాక్‌స్పేస్ మీటే వెనుకటి పేజీకి వెళ్ళే మీటగా కూడా పనిచేసేది. గడిలో అక్షరం చెరుపుతున్నామనుకుని నొక్కితే ఫారం మొత్తం చెరిగిపోయేది. క్రోమ్ 2016లోను, ఫైర్‌ఫాక్స్ 2021లోను ఆ అలవాటును మాన్పించాయి. ఈలోగా అదే ఆపద ఫోనులోకి వేరే వేషంలో వచ్చింది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి తెర అంచు మీద నుంచి వేలిని లోపలికి లాగడమే బ్యాక్ అయింది. బటన్ కంటికి కనిపించదు; అంచు మాత్రం పొడవునా ఉంటుంది. ఓల్డ్ సెటిల్‌మెంట్ పెద్దాయన బొటనవేలు చేసిన అపరాధం అదే.

యార్డు చెప్పే పాఠం

వెనక్కు వెళ్ళడం ఎంత జాగ్రత్తగా చేయవలసిన పనో తెలిసిన ఊరు ఏదైనా ఉంటే అది ఖరగ్‌పూరే. బెంగాల్ నాగపూర్ రైల్వే కట్టించిన ఈ ఊళ్ళో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పనికోసం వచ్చిన తెలుగు కుటుంబాలు తరాల తరబడి స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, పనిలో హిందీ వాటికి సహజం. 1,072 మీటర్ల పొడవైన ఈ స్టేషను ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనదిగా పేరు పొందింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాన్ని మించాయి.

ఇంత పెద్ద యార్డులో ఏ బండి ఏ దారిన పోవాలో నిర్ణయించేది ఇంటర్‌లాకింగ్ అనే ఏర్పాటు. 2017 నవంబరులో ఖరగ్‌పూర్‌లో 800 మార్గాలను నడపగల ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ అమలులోకి వచ్చింది. దాని మూలసూత్రం ఒక్కటే: ఒక బండికి సిగ్నలు ఇచ్చాక ఆ దారిలోని పట్టాల కీళ్ళు బిగిసిపోతాయి. ఇచ్చిన సిగ్నలును స్టేషను మాస్టరు వెనక్కు తీసుకోవచ్చు. ఎర్రదీపం వెంటనే వెలుగుతుంది. కాని కీళ్ళు వెంటనే వదలవు. బండి అప్పటికే దగ్గరకు వచ్చి ఉండవచ్చు కనుక నియమిత సమయం గడిచాకనే వదులుతాయి. అట్లాగే బండిని వెనక్కు నడపడానికి డ్రైవరు ఒక్కడి ఇష్టం చాలదు. వెనుక ఏముందో చూడగలిగిన గార్డు, 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అని పిలవబడుతున్న ఉద్యోగి, సమ్మతించాలి.

సిగ్నలు మార్చడం వేరు, బండి ఆగడం వేరు అని రైల్వే ఎన్నడో గ్రహించి, ఈ రెంటి మధ్య యంత్రాన్నే కాపలా పెట్టింది. వెబ్ పేజీలు కట్టేవారిలో చాలామంది ఈ పాఠాన్ని ఇంకా నేర్చుకోవలసి ఉంది. తెర మీద పేజీ వెనక్కు మారినంత మాత్రాన బ్యాంకుకు వెళ్ళిన ఆదేశం వెనక్కు రాదు. చూపు వెనక్కు తిరిగింది. పని ముందుకే సాగింది.

మన చేతిలో ఉన్నది

పేజీలు బాగుపడేవరకు మనం తీసుకోదగిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి.

పొడవైన ఫారం నింపేటప్పుడు దానిలోని మరో లింకు చూడవలసివస్తే, దాన్ని వేలితో కాసేపు నొక్కిపట్టి కొత్త ట్యాబులో తెరవండి. ఫారం దాని చోటనే ఉంటుంది. పెద్ద వ్యాసమో వివరణో రాయవలసి ఉంటే ముందుగా ఫోనులోని నోట్సులో రాసుకుని, తరువాత ఫారంలో అతికించండి.

కంప్యూటరు మీద బ్యాక్ బాణాన్ని నొక్కిపడితే వెనుకటి పేజీల జాబితా కనిపిస్తుంది. దొంగచీటీలను దాటి కావలసిన పేజీకి ఒకేసారి వెళ్ళవచ్చు. చువ్వ మీద నుంచి రాలిపోయిన పేజీలు సాధారణంగా బ్రౌజరులోని హిస్టరీలో తేదీల వారీగా దొరుకుతాయి.

డబ్బు కట్టే సమయంలో ఫోనును బల్ల మీద పెట్టి, చేతులు వెనక్కు తీసుకోండి. పొరపాటున పేజీ మారితే, కనిపించిన పాత పేజీని నమ్మి మళ్ళీ కట్టవద్దు. బ్యాంకు సందేశం చూడండి. ఆపైన సైటును కొత్తగా తెరిచి, లాగిన్ అయి, దరఖాస్తు స్థితి ఏమిటో చూడండి. చిత్తరువును కాదు, అద్దాన్ని అడగాలి.

యూపీఐ ద్వారా కట్టిన డబ్బు మీ ఖాతాలో తరుగు పడి, అందవలసిన సంస్థకు ధ్రువీకరణ చేరకపోతే భయపడనక్కరలేదు. భారతీయ రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న జారీచేసిన ఆదేశం ప్రకారం, లావాదేవీ జరిగిన రోజు తరువాత అయిదు రోజులలోగా ఆ సొమ్ము దానంతటదే తిరిగి రావాలి. అంతకు మించి ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. లావాదేవీ సంఖ్యను మాత్రం రాసి ఉంచుకోండి.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని ఆ ముందుగదిలో గడియారం పదకొండు దాటింది. మనవరాలి వేలు రుసుము చెల్లించండి అన్న మాట మీదికి వెళ్ళింది. పెద్దాయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగు తల్లీ. దీపం వెలగని సిగ్నలు కనిపిస్తే డ్రైవరు ఏం చేస్తాడో తెలుసా? పచ్చదీపం ఉందనుకుని పోడు. ఎర్రదీపం ఉన్నట్టే లెక్కేసి ఆగుతాడు. ముందు సంగతి కనుక్కుందాం."

పేజీ మూసేశారు. సైటును మొదటి నుంచి తెరిచి, మనవరాలి సంఖ్యతో లోపలికి వెళ్ళి, దరఖాస్తు స్థితి అన్న చోట చూశారు. పేజీ నెమ్మదిగా వచ్చింది. ఫారంలోని వివరాలన్నీ భద్రంగా ఉన్నాయి. అడుగున ఒక వరుస: రుసుము అందినది. దాని పక్కనే రశీదు సంఖ్య.

మనవరాలు ఆ సంఖ్యను నోటుపుస్తకంలో రెండుసార్లు రాసుకుంది. పెద్దాయన ఫోనును బోర్లించి బల్ల మీద పెట్టి, అప్పుడు కళ్ళజోడు తీశాడు.